బి.డి.ఎస్. తరువాత క్యాన్సర్ ఆసుపత్రిలో దంత వైద్యం

ఉపకార వేతనాల దరఖాస్తులు చూసే కమిటీలో నేను కొన్నేళ్ళుగా ఉన్నాను. బి.డి.ఎస్. చదివే మన పిల్లల దరఖాస్తులు ఏటేటా పెరుగుతున్నాయి. "భవిష్యత్ లక్ష్యం" అన్న గడిలో చాలామంది "సొంత క్లినిక్" అనో, "ఎం.డి.ఎస్." అనో వ్రాస్తారు. కిందటిసారి గంజాం జిల్లా నుంచి ఒక అమ్మాయి "డెంటల్ ఆంకాలజీ" అని వ్రాసింది. ఆ మాట మా కమిటీలో కొందరికి కొత్త. వివరాల కోసం ఫోను చేస్తే ఆ అమ్మాయి తండ్రిగారు, "పళ్ళ డాక్టరుకి క్యాన్సరుతో ఏం పనండీ? మా అమ్మాయి ఏదో అంటోంది, మీరైనా చెప్పండి" అని నన్నే అడిగారు. ఆయనకు చెప్పినదీ, ఆ తరువాత మరికొంత విచారించి తెలుసుకున్నదీ కలిపి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయితే మా బావగారి జబ్బు కారణంగా క్యాన్సర్ ఆసుపత్రుల వరండాల్లో చాలా రోజులు గడిపాను. ఈ పని చేసే డాక్టర్లను దగ్గరగా చూశాను, ప్రశ్నలు వేసి విసిగించాను. కాబట్టి వైద్య విషయాలు క్లుప్తంగానూ, చదువు, ఖర్చు సంగతులు కాస్త వివరంగానూ చెబుతాను.

ఈ డాక్టరు చేసే పని ఏమిటి?

నోరు, నాలుక, దవడ, గొంతు ప్రాంతాల్లో క్యాన్సర్ వచ్చినవారికి సాధారణంగా ఆపరేషను, రేడియేషను, మందులు అనే మూడు రకాల చికిత్స ఉంటుంది. రేడియేషను అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. మొత్తం మోతాదు 60 నుంచి 70 గ్రే వరకు ఉంటుంది. ఆ కిరణాలు గడ్డను మాత్రమే తాకి ఊరుకోవు. పక్కనున్న లాలాజల గ్రంథులను, దవడ ఎముకను కూడా దెబ్బతీస్తాయి. ఉమ్ము ఊరడం తగ్గిపోతుంది. ఉమ్ము లేని నోట్లో పళ్ళు నెలల వ్యవధిలోనే చిగురు అంచున పుచ్చిపోవడం మొదలవుతుంది. నోరంతా పూసి మెతుకు మింగలేని స్థితి వస్తుంది. దవడ కండరాలు బిగుసుకుని మూడు వేళ్ళు పట్టే నోరు ఒక వేలికి కూడా తెరుచుకోకుండా పోవచ్చు.

అన్నిటికన్నా చెడ్డది ఎముక సంగతి. రేడియేషను తిన్న దవడ ఎముకకు రక్తప్రసారం తగ్గుతుంది, జీవకణాలు తగ్గుతాయి, ప్రాణవాయువు అందడం తగ్గుతుంది. 1983లో రాబర్ట్ మార్క్స్ అనే అమెరికన్ దంత శస్త్రవైద్యుడు దీన్ని ఒక సిద్ధాంతంగా వివరించారు. అటువంటి ఎముకలోంచి పన్ను పీకితే ఆ గాయం మానకపోవచ్చు. ఎముక బయటపడి, చచ్చి, చీము పట్టి, ఒక్కొక్కప్పుడు దవడ విరిగిపోతుంది. దీనికి ఆస్టియోరేడియోనెక్రోసిస్ అని పేరు. రేడియేషను అయిన ఏడాదికి రావచ్చు, పదేళ్ళకూ రావచ్చు.

అందుకని రేడియేషను మొదలుపెట్టకముందే దంత వైద్యుడు రోగి నోరు మొత్తం పరీక్షించాలి. నిలబడని పళ్ళు తీసేయాలి. ఆ గాయాలు మానడానికి కనీసం రెండు వారాలు గడువు ఉంటే మంచిది. ఇక్కడే ఈ డాక్టరు నైపుణ్యం తెలుస్తుంది. ఆపరేషను అయిన రోగికి ఆరు వారాల లోపల రేడియేషను మొదలు కావాలని పెద్ద డాక్టర్లు తొందరపడతారు, గడ్డ ఎవరి కోసమూ ఆగదు కదా. ఏ పన్ను ఉంచవచ్చు, ఏది తీయాలి, ఆపరేషను మత్తులోనే తీసేయవచ్చా అన్నది ఒకటి రెండు రోజుల్లో తేల్చాలి. మామూలు క్లినిక్కులో "రూట్ కెనాల్ చేసి ఆరు నెలలు చూద్దాం" అనే వెసులుబాటు ఇక్కడ లేదు.

చికిత్స జరిగేటప్పుడు నోటి పూతకు మందులు, లేజరు కాంతి చికిత్స, నోరు బిగుసుకోకుండా వ్యాయామాలు ఉంటాయి. చికిత్స అయ్యాక రోగి పలువరుసకు సరిపోయే ప్లాస్టిక్ ట్రేలలో ఫ్లోరైడు జెల్ రోజూ పెట్టుకోవడం నేర్పిస్తారు. అది ఇక జీవితాంతం చేయవలసిన పని. పై దవడ, అంగిలి తీసేసినవారికి ముక్కుకూ నోటికీ మధ్య పెద్ద రంధ్రం మిగులుతుంది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తాయి, మాట ఎవరికీ అర్థం కాదు. ఆ రంధ్రాన్ని మూసేలా ఆబ్ట్యురేటర్ అనే ప్రత్యేకమైన కట్టుడు పళ్ళ సెట్టు చేసి పెడతారు. అది పెట్టగానే మాట స్పష్టంగా వచ్చిన ఒక రోగిని నేను ఎదురుగా చూశాను. ఆమె ముందుగా పిలిచింది తన మనవడి పేరు.

నోటి క్యాన్సర్లతోనే ఈ పని అయిపోదు. రక్త క్యాన్సరుకు ఎముక మూలుగ మార్పిడి చేసేముందు నోట్లో చీము మూలాలు లేకుండా చూడాలి. ఎముకలకు పాకిన క్యాన్సర్లలో వాడే జోలెడ్రోనేట్ వంటి మందుల వల్ల కూడా దవడ ఎముక చచ్చిపోవచ్చని 2003లో ఆ మార్క్స్ గారే వైద్యలోకం దృష్టికి తెచ్చారు. కాబట్టి రొమ్ము క్యాన్సరు, ప్రోస్టేటు క్యాన్సరు రోగులు కూడా ఇప్పుడు ఈ డాక్టరు దగ్గరకు వస్తారు.

మా ఇంట్లో జరిగినది

మా అక్క భర్తకు నాలుక పక్కన పుండు లేచింది. గుట్కా అలవాటు ఉండేది. ఆపరేషను, రేడియేషను రెండూ అయ్యాయి. వైద్యం చేసిన పెద్ద డాక్టర్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, గడ్డ మళ్ళీ రాలేదు. కానీ రేడియేషనుకు ముందు ఆయన పళ్ళు చూసినవారు లేరు. అక్కడ ఆ పనికి డాక్టరు పోస్టే లేదు. ఏడాదిన్నర తరువాత కింద దవడ పన్ను పోటు మొదలైంది. వీధి చివర క్లినిక్కులో చూపించుకున్నారు. మెడ మీద నల్లటి మచ్చ కనబడుతున్నా "రేడియేషను పెట్టారా?" అని అడిగినవారు లేరు. పన్ను పీకేశారు. ఆ గాయం మానలేదు. నాలుగు నెలలకు చెంప బయటకు చీము కారడం మొదలైంది. చివరకు విశాఖపట్నం తీసుకువెళ్ళి దవడలో కొంత భాగం తీయించవలసి వచ్చింది. క్యాన్సరును గెలిచిన మనిషి పన్ను దగ్గర ఓడిపోయాడని మా అక్క ఇప్పటికీ అంటుంది. ఆయన మిగిలిన ఐదేళ్ళూ గంజి, జావ మీదే బ్రతికారు.

ఆ క్లినిక్కు డాక్టరుది అజ్ఞానమని నేను అనను. అలాంటి రోగి ఆయనకు అంతకుముందు తగిలి ఉండకపోవచ్చు. కానీ తగులుతారు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1 లక్షా 43 వేల మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సరు వచ్చింది. వీరిలో బ్రతికినవారంతా ఏదో ఒక రోజు పన్ను నొప్పితో ఏదో ఒక వీధి క్లినిక్కుకు వెళ్ళేవారే.

మన ప్రాంతానికి ఉన్న సంబంధం

బరంపురం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వైపు పెద్దలకు అడ్డపొగ గురించి చెప్పనక్కరలేదు. చుట్ట వెలిగించి, కాలే కొసను నోట్లో పెట్టుకుని తాగడం. ఎక్కువగా ఆడవారు తాగేవారు. మా చిన్నప్పుడు బీచి పక్క పల్లెల్లో చేపలు అమ్మే అవ్వలు మాట్లాడుతూనే తాగేవారు, పొగ కనబడేది కాదు. ఆ వేడి తగిలేది అంగిలికి. మిగతా చోట్ల అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సరు ఈ తీరంలో ఎక్కువగా కనబడడానికి అదే కారణం. 1957లోనే డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు కోస్తా ఆంధ్రలో అడ్డపొగకూ అంగిలి క్యాన్సరుకూ గల సంబంధాన్ని గురించి పరిశోధన వ్యాసం ప్రచురించారు.

తరువాత 1960ల చివరి నుంచి ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధనా విభాగం వారు ఫలి మెహతా గారి నాయకత్వంలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్ళు పరీక్షించారు. శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్ కలిపి 36,000 మంది పొగాకు వాడేవారికి నచ్చజెప్పి అలవాటు మాన్పించే ప్రయత్నం చేశారు. మానినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సరుకు ముందు వచ్చే తెల్ల మచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. దంత వైద్యం చదివినవారు నాయకత్వం వహించిన ఈ పని ప్రపంచమంతా ఉదహరించేది. మన పక్క ఊళ్ళలో జరిగిన సంగతి మన పిల్లలకు తెలియకపోవడం నాకు విచారంగా ఉంటుంది.

అడ్డపొగ ఇప్పుడు ముసలివారిలో మిగిలింది. దాని చోటును గుట్కా, ఖైనీ, వక్కపొడి పొట్లాలు తీసుకున్నాయి. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది. కర్ణాటక, మహారాష్ట్రలలో ఉన్న మనవారు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి. "ఉత్త వక్కే కదా" అంటూ పిల్లల చేతికి పొట్లం ఇచ్చేవారిని నేను చూశాను.

ఏ చదువు చదవాలి?

ఇక అసలు ప్రశ్న. "డెంటల్ ఆంకాలజీ" అనే పేరుతో మన దేశంలో ఎం.డి.ఎస్. సీటు లేదు. ఎం.డి.ఎస్.లో తొమ్మిది శాఖలు ఉన్నాయి, వాటిలో ఈ పేరు కనబడదు. ఎవరైనా ఏజెంటు ఆ పేరుతో ఎం.డి.ఎస్. సీటు ఇప్పిస్తామని వస్తే డబ్బు ఇవ్వకండి. ఈ పేరు ముఖ్యంగా అమెరికాలో వాడుకలో ఉంది. అక్కడ హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్, న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వంటి క్యాన్సరు ఆసుపత్రుల్లో ఈ విషయంలో ప్రత్యేక శిక్షణ ఇస్తారు. మన దగ్గర దారి ఏమిటంటే, ముందు బి.డి.ఎస్., అంటే నాలుగేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. తరువాత ప్రవేశ పరీక్ష వ్రాసి మూడేళ్ళ ఎం.డి.ఎస్. ఆపైన క్యాన్సరు ఆసుపత్రిలో ఫెలోషిప్ గానీ, రెసిడెంటు ఉద్యోగం గానీ చేసి అనుభవం సంపాదించడం. ఇంటరు తరువాత తక్కువలో తక్కువ తొమ్మిది, పదేళ్ళు పడుతుంది.

ఎం.డి.ఎస్.కు 2017 నుంచి నీట్-ఎం.డి.ఎస్. పరీక్ష ఉంది. 2023లో వచ్చిన నేషనల్ డెంటల్ కమిషన్ చట్టంలో నేషనల్ ఎగ్జిట్ టెస్ట్ అనే కొత్త పరీక్ష ప్రస్తావన ఉంది. కాబట్టి పరీక్ష పేరు, తీరు మారవచ్చు. ఏ ఏడాది వ్రాస్తారో ఆ ఏడాది ప్రకటన పూర్తిగా చదవండి.

ఏ శాఖ తీసుకోవాలన్నది పిల్లల స్వభావాన్ని బట్టి ఉండాలి. కోత, కుట్టు అంటే ఇష్టం ఉండి, రాత్రింబవళ్ళు నిలబడే ఓపిక ఉన్నవారికి ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీ. నోటి క్యాన్సరు ఆపరేషన్లలో పాల్గొనే దారి ఇదే. దీనికి పోటీ కూడా ఎక్కువే. చేతిపని నేర్పు ఉన్నవారికి ప్రోస్థోడాంటిక్స్. పైన చెప్పిన ఆబ్ట్యురేటర్లు, కృత్రిమ ముక్కు, చెవి, కన్ను చేసేది వీరే. మాక్సిల్లోఫేషియల్ ప్రోస్థెటిక్స్ బాగా తెలిసినవారు తక్కువ. ఎందుకంటే ఈ శాఖ చదివినవారు ఎక్కువమంది ఇంప్లాంట్ల వైపు పోతారు, అక్కడ డబ్బు ఉంది. నా దృష్టిలో మన పిల్లలకు మంచి అవకాశం ఇక్కడే ఉంది.

రోగిని పరిశీలించి జబ్బు పసిగట్టడం ఇష్టమైతే ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు బిగుసుకోవడం మొదటే గుర్తుపట్టేది, రేడియేషను రోగికి ముందూ వెనుకా నోటి సంరక్షణ చూసేది ఎక్కువగా వీరే. సూక్ష్మదర్శిని ముందు కూర్చునే ఓపిక ఉంటే ఓరల్ పాథాలజీ. ఈ శాఖలో సీటు కొంత సులువుగా దొరుకుతుంది గానీ ఉద్యోగాలు ఎక్కువగా కాలేజీల్లో అధ్యాపక పోస్టులే అని తెలిసి చేరాలి. పల్లెల్లో తిరిగి పనిచేయాలనుకునేవారికి పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ ఉంది. దాన్ని చిన్నచూపు చూడవద్దు. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు టార్చి లైటుతో నోళ్ళు చూసి అనుమానం ఉన్నవారిని ఆసుపత్రికి పంపితే, పొగాకు, మద్యం వాడేవారిలో నోటి క్యాన్సరు మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్‌లోనే వచ్చింది. ఖరీదైన యంత్రం ఏదీ వాడలేదు.

ఒక హద్దు కూడా ముందే చెప్పాలి. ఎం.డి.ఎస్. చదివినవారు రేడియేషను చికిత్స ఇవ్వలేరు, కీమోథెరపీ నిర్ణయించలేరు. సర్జికల్ ఆంకాలజీలో ఎం.సిహెచ్. చేయడానికి ఎం.బి.బి.ఎస్. తరువాత ఎం.ఎస్. ఉండాలి, ఎం.డి.ఎస్. పనికిరాదు. కాబట్టి "క్యాన్సర్ స్పెషలిస్టు" కావాలని కలలు కని బి.డి.ఎస్.లో చేరితే నిరాశ తప్పదు. క్యాన్సరు వైద్య బృందంలో నోటికి, పళ్ళకు, దవడకు బాధ్యత వహించే సభ్యుడిగా ఉంటాను అనుకునేవారికే ఈ దారి. ఎం.డి.ఎస్. సర్జరీ తరువాత హెడ్ అండ్ నెక్ ఆంకాలజీలో ఫెలోషిప్పులు ఉన్నాయి. కానీ ఏ ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్టుకు ఎంత గుర్తింపు ఉందో చేరకముందే విచారించాలి. ఫెలోషిప్ అన్న పేరు పెట్టి తక్కువ జీతానికి పని చేయించుకునే చోట్లూ ఉన్నాయి. గత రెండేళ్ళ ఫెలోలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారని అడగండి. మంచి చోటయితే పేర్లు చెబుతారు.

అమెరికా వెళ్ళి నేర్చుకుంటామనే పిల్లలకు ఒక మాట. మన బి.డి.ఎస్.తో నేరుగా అక్కడ ప్రాక్టీసు చేయనివ్వరు. సాధారణంగా అక్కడి డెంటల్ కాలేజీలో మళ్ళీ రెండు, మూడేళ్ళు చదవాలి, లైసెన్సు పరీక్షలు వ్రాయాలి. ఆ ఖర్చు మధ్యతరగతి కుటుంబానికి చిన్నది కాదు.

ఎక్కడ చదవాలి, ఎక్కడ చూడాలి?

మనవారు నాలుగైదు రాష్ట్రాల్లో ఉన్నారు కనుక ఎవరి దగ్గరలో ఉన్నవి వారు చూసుకోవచ్చు. ఒడిశాలో కటకంలో ఎస్.సి.బి. డెంటల్ కాలేజీ, అక్కడే ఆచార్య హరిహర క్యాన్సరు సంస్థ. బెంగళూరులో ప్రభుత్వ డెంటల్ కాలేజీ, కిద్వాయి సంస్థ. చెన్నైలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి కృషితో 1954లో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. మహారాష్ట్రలో ముంబయి, నాగపూరు ప్రభుత్వ డెంటల్ కాలేజీలు, 1941లో ప్రారంభమైన టాటా మెమోరియల్ ఆసుపత్రి. టాటా మెమోరియల్‌లో దంత వైద్యానికి, కృత్రిమ అవయవాలకు ప్రత్యేక విభాగమే ఉంది. యానాం పిల్లలకు పుదుచ్చేరిలో మహాత్మా గాంధీ దంత వైద్య సంస్థ, జిప్మర్‌లో ప్రాంతీయ క్యాన్సరు కేంద్రం. మా బరంపురం వారికి కటకం కన్నా విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పోవడం అలవాటు.

కోటాల విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ స్థానికత రాదు. ఎక్కడ చదివారు, ఎక్కడ నివాసం అన్నదే లెక్క. ప్రభుత్వ కాలేజీల ఎం.డి.ఎస్. సీట్లలో సగం అఖిల భారత కోటాలో ఉంటాయి, వాటికి భాష, రాష్ట్రం అడ్డు లేవు. అయితే ఇంట్లో తెలుగు ఉండడం ఉద్యోగంలో మాత్రం అక్కరకు వస్తుంది. విశాఖ ఆసుపత్రి క్యూలో ఒడియా, తెలుగు రెండూ వచ్చిన నర్సు చుట్టూ రోగులు మూగడం నేను చూశాను. నోరు బాగాలేని రోగి చెప్పే ముక్కలు ముక్కల మాటలు అర్థం చేసుకోవడానికి వారి యాస తెలిసిన డాక్టరు ఉంటే సగం భారం తగ్గుతుంది.

తల్లిదండ్రులకు డబ్బు సంగతి

ఇది నాకు తెలిసిన విద్య కనుక కాస్త వివరంగా చెబుతాను. ప్రభుత్వ కాలేజీలో ఎం.డి.ఎస్. చేస్తే ఫీజు తక్కువ, స్టయిపెండు వస్తుంది. ప్రైవేటులో ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. క్యాన్సరు ఆసుపత్రిలో దంత వైద్యుడిది జీతం మీద బ్రతుకు. క్లినిక్కులో ఇంప్లాంట్లు పెట్టేవారి సంపాదన ఇందులో రాదు. అందుకని ఈ దారికి అప్పు తక్కువగా ఉండాలి. ఇల్లు తాకట్టు పెట్టి ప్రైవేటు సీటు కొని, ఆ తరువాత క్యాన్సరు ఆసుపత్రిలో జీతానికి చేరమంటే ఏ బిడ్డకూ సాధ్యం కాదు. వాయిదాలు కట్టడానికి క్లినిక్కు తెరవక తప్పదు. ఆ బిడ్డ ఏ రోగుల కోసం చదివాడో వారిని వదిలిపెడతాడు. ఒక ఏడాది ఆగి, మళ్ళీ పరీక్ష వ్రాసి ప్రభుత్వ సీటు కోసం ప్రయత్నించడమే మేలని నా అభిప్రాయం.

అప్పు తప్పనప్పుడు ఈ లెక్క చూడండి. ఏడాదికి 3 లక్షల చొప్పున మూడేళ్ళు, మొత్తం 9 లక్షలు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టనక్కరలేదని బ్యాంకు చెబుతుంది. చాలామంది దాన్ని "వడ్డీ లేదు" అని అర్థం చేసుకుంటారు. వడ్డీ పడుతూనే ఉంటుంది. సాధారణ వడ్డీ లెక్కన మొదటి 3 లక్షలకు నాలుగేళ్ళకు 1 లక్షా 20 వేలు, రెండవదానికి మూడేళ్ళకు 90 వేలు, మూడవదానికి రెండేళ్ళకు 60 వేలు, వెరసి 2 లక్షల 70 వేలు. వాయిదాలు మొదలయ్యే నాటికి 9 లక్షల అప్పు 11 లక్షల 70 వేలు అవుతుంది. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 15,460 రూపాయలు.

అదే వడ్డీని ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వస్తే? మొదటి ఏడాది నెలకు 2,500, రెండో ఏడాది 5,000, ఆ తరువాత 7,500. స్టయిపెండు వచ్చే విద్యార్థి ఇది కట్టగలడు. అప్పుడు అసలు 9 లక్షలే ఉంటుంది, నెలవాయిదా సుమారు 11,890కి దిగుతుంది. పదేళ్ళలో వాయిదాల మీద తగ్గేది 4 లక్షల 28 వేలు. ముందు కట్టినది 2 లక్షల 70 వేలే. కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ ఈ మాట నేను ఎందరికో చెప్పాను, విన్నవారు తక్కువ.

తాకట్టు లేకుండా 7.5 లక్షల వరకు విద్యా రుణాలకు కేంద్ర ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ పథకం 2015 నుంచి ఉంది. 2024 నవంబరులో మంజూరైన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణం మీద చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి వీలుంది. అయితే కాలేజీ ఆ పథకపు జాబితాలో ఉండాలి. సీటు తీసుకున్న తరువాత కాదు, కౌన్సెలింగుకు ముందే జాబితా చూసుకోండి.

"ఆడపిల్లను క్యాన్సరు ఆసుపత్రికి పంపడమా, ఆ కిరణాలు ఒంటికి తగలవా?" అని మొదట చెప్పిన తండ్రిగారే అడిగారు. రేడియేషను యంత్రం గదికీ దంత విభాగానికీ సంబంధం లేదు. బయటి నుంచి రేడియేషను తీసుకున్న రోగి ఒంట్లోంచి కిరణాలు రావు. క్యాన్సరు అంటువ్యాధి కాదు. కష్టం వేరేచోట ఉంది. ముఖం సగం లేని మనిషి ఎదురుగా కూర్చుంటాడు. పుండు వాసన మాస్కు ఉన్నా తెలుస్తుంది. కిందటి నెల వచ్చిన రోగి ఈ నెల రాడు. పిల్ల దీన్ని తట్టుకుంటుందా లేదా అన్నది తల్లిదండ్రులు ఇంట్లో కూర్చుని తేల్చలేరు, పిల్ల స్వయంగా వెళ్ళి చూడాలి.

అందుకు దారి ఉంది. ఇంటర్న్‌షిప్‌లోనో, మూడో ఏడాది సెలవుల్లోనో దగ్గరలోని క్యాన్సరు ఆసుపత్రి దంత విభాగానికి, ఆ విభాగం లేకపోతే హెడ్ అండ్ నెక్ విభాగానికి, రెండు వారాలు కూర్చుని చూసే అనుమతి కోరుతూ ఉత్తరం వ్రాయండి. ఒక పేజీ మించవద్దు. కాలేజీ ప్రిన్సిపాలుగారి సంతకంతో పరిచయ పత్రం జతచేయండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వస్తారో, బస ఏర్పాటు మీదేనని, ఉపకార వేతనం అడగడం లేదని స్పష్టంగా వ్రాయండి. "ఆంకాలజీ అంటే ఆసక్తి" అని కాకుండా, రేడియేషనుకు ముందు పళ్ళ పరీక్ష ఎలా చేస్తారో చూడాలని వ్రాస్తే చదివేవారికి మీరేమి కోరుతున్నారో తెలుస్తుంది. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మరోసారి వ్రాయండి, లేదా స్వయంగా వెళ్ళి విభాగం గుమాస్తాను కలవండి. గంజాం అమ్మాయికి రెండో ఉత్తరానికి జవాబు వచ్చింది. వచ్చే సెలవుల్లో విశాఖ వెళుతోంది, తోడుగా వాళ్ళ నాన్నగారు కూడా వస్తానన్నారట.